ఎదురు కుర్చీ

ఫరీదాబాద్, సెక్టార్ 22
20 జనవరి 2008

చిరంజీవి హారికకు,

పద్మనాభం బాబాయ్ ఆశీస్సులు. పన్నెండేళ్ల తర్వాత ఈ దస్తూరి చూసి కూడా ఉత్తరం చించి పారేయకుండా ఇక్కడిదాకా చదివావంటే నాకు అదే పదివేలు. నీ అడ్రసు తెలుగు సంఘం వాళ్ల సంచికలో దొరికింది. ఢిల్లీ మునిర్కాలో ఉంటూ వాసన మీద పరిశోధన చేస్తున్న మన అమ్మాయి అని నీ ఫొటో వేశారు. ముక్కు అచ్చం మీ నాన్న అంకయ్యదే.

సంగతికి వస్తాను. ఫ్యాక్టరీలో నా మీద ఎంక్వైరీ వేశారు. లంచం తిన్నానంటున్నారు.

నీకు తెలిసిన విషయాలే అయినా అన్నీ వరుసలో ఉండాలని రాస్తున్నాను. నేనూ మీ నాన్నా ఒంగోలు పొగాకు కంపెనీలో ఆకు గ్రేడర్లుగా ఉండగా, ఈ అత్తర్ల ఫ్యాక్టరీ వాళ్లు మా ముక్కుల సంగతి విని 1984లో ఇక్కడికి పట్టుకొచ్చారు. వచ్చిన ప్రతి డ్రమ్ములో కాగితం ముక్క ముంచి, వాసన చూసి, బాగుందో చెడిందో చీటీ రాసి డబ్బాలో వేయాలి. వాసన రోజు ఉల్లిపాయ కూడదు, తలనూనె కూడదు, పక్కవాడితో మాట కూడదు. చీటీలు కలవకపోతే హెడ్ చీటీయే చెల్లుతుంది. పన్నెండేళ్లుగా హెడ్‌ని నేనే.

పోయిన నవంబరులో ఒక కస్తూరి నూనె డ్రమ్ము వచ్చింది. అసలు కస్తూరి కాదులే, రసాయనాలతో చేసేది. నేను బాగుందని రాశాను. మాణిక్యమూ, కొత్తగా చేరిన ప్రవల్లికా చెడిందని రాశారు. నా చీటీ చెల్లి, సరుకు అగరుబత్తీల్లోకి పోయింది. నెల తిరక్కుండా పెట్టెలకు పెట్టెలు వాపసు వచ్చాయి. దేవుడి దగ్గర పెడితే మూత్రం కంపు కొడుతోందట.

దీపావళికి ఆ సప్లయర్ మనిషి మా ఇంటికి సోన్‌పాపిడి డబ్బా తెచ్చిన మాట నిజం. ఢిల్లీ చుట్టుపక్కల దీపావళికి సోన్‌పాపిడి డబ్బా రాని ఇల్లు ఎక్కడుందో చూపించమను. ఆ ఒక్క డబ్బా పట్టుకుని కొత్త మేనేజరు సదాశివరావు నన్ను దొంగను చేశాడు. ఈయన వచ్చీరాగానే మా ముగ్గురి మధ్య చెక్క అడ్డాలు పెట్టించాడు. నా అడ్డం వెనక్కి వేరే కాగితం పంపారేమోనని నా అనుమానం. మాణిక్యం పదేళ్లకు పైగా నా ఎదురుగా కూర్చుని ఒక్కసారి కూడా తేడా రాయలేదు, అడ్డం రాగానే రాశాడు. వాడి మీదా అనుమానమే. క్యాంటీన్ టీలో ఏమన్నా కలిపారేమో. గంటసేపు ముక్కు మొద్దుబారే మందులు ఉంటాయా? అలాగే, అన్ని వాసనలూ పట్టే ముక్కుకు ఒక్క వాసన మాత్రం రాకపోవడం ఉంటుందా? ఇది ఊరికే అడుగుతున్నాను.

మే మొదటి వారంలో ఎంక్వైరీ. జవాబు ఉత్తరంలోనే రాయి. ఫోన్‌లో అన్న మాట రేపు ఎవరైనా అనలేదంటారు. మీ నాన్నకు ఈ సంగతి చెప్పకు.

నీ బాబాయ్,
పద్మనాభం

*

మునిర్కా
2 ఫిబ్రవరి 2008

పద్మనాభం గారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. జవాబు రాయాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాను.

ఒక్క వాసనను మాత్రం చంపే మందు నాకు తెలిసి లేదు. జలుబైనా, మందైనా ముక్కును మొత్తంగా మొద్దుబారుస్తాయి. ఆ రోజు మిగతా డ్రమ్ముల వాసన మీకు బాగానే తెలిసిందా? తెలిసి ఉంటే టీని వదిలేయండి.

మీరు ఊరికే అడిగానన్నదే అసలు ప్రశ్న. మీ ఒంగోలు గ్రేడింగు హాలును తలుచుకోండి. వరుసగా నాలుగు వందల మంది కూర్చున్నారు, ఒక్కొక్కరికి కొన్ని రకాల ఆకే తెలుసు. ముక్కు పైభాగంలో వాసన పట్టే ప్రోటీన్లు అలాంటివి. ఒక్కో ప్రోటీన్‌ను తయారు చేయడానికి ఒక్కో జన్యువు ఉంటుంది. మనిషిలో ఈ జన్యువులు వెయ్యి దాకా ఉన్నా, సగానికి పైగా ఎప్పుడో పాడైపోయి పేరుకు మిగిలాయి. పనిచేసేవి నాలుగు వందలు. అందులో ఏది చెడిందనేది మనిషికీ మనిషికీ మారుతుంది. ఒక కుర్చీలో మనిషి నిద్రపోతే ఆ రకం ఆకు అడిగేవాడు లేకుండా సాగిపోతుంది. కాబట్టి మీరడిగినట్టు ఒక్క వాసన మాత్రం రాకపోవడం ఉంటుంది. మీకు ఉందో లేదో పరీక్ష చేస్తే తప్ప ఎవరూ చెప్పలేరు.

చెడిన కస్తూరి సరుకులో ఆండ్రోస్టెనోన్ అనే పదార్థం పుట్టే వీలుంది. కొందరికి అది మూత్రం కంపు, కొందరికి తీపి వాసన, కొందరికి అసలేమీ తెలియదు. దీన్ని పట్టే ప్రోటీన్ ఏదో పోయిన సెప్టెంబరులోనే బయటపెట్టారు.

ఇప్పుడు నేను ఒకటి అడుగుతాను. 1996లో మా నాన్న చెడిందని రాసి, మీరు బాగుందని రాసిన డ్రమ్ము కూడా ఈ కస్తూరి నూనేనా? సప్లయర్‌ను డబ్బు అడిగి, ఇవ్వనందుకు మంచి సరుకును చెడిందన్నాడని పదిహేను రోజుల్లో ఆయన్ను పంపించేశారు. సాక్ష్యం మీ చీటీ ఒక్కటే.

నాన్నకు చెప్పను. ఆయన దగ్గర ఆ ఫ్యాక్టరీ పేరెత్తి పన్నెండేళ్లయింది. ఇప్పుడు ఇందిరాపురంలో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రిజిస్టరు రాస్తున్నారు. రోజుకు నాలుగుసార్లు అమ్మను గ్యాస్ వాసన వస్తోందా అని అడుగుతారు. తన ముక్కు మీద తనకే నమ్మకం పోయింది.

ఇట్లు,
హారిక

*

ఫరీదాబాద్
9 ఫిబ్రవరి 2008

చిరంజీవి హారికకు,

ఆశీస్సులు. మా ఇద్దరి మధ్యా బల్ల మీద కూర్చుని కాళ్లూపుతూ చీటీలు లెక్కపెట్టిన పిల్ల నన్ను పద్మనాభం గారూ అంటోంది. సరే, అనిపించుకోవలసిందే.

నువ్వు అడిగిన దానికి జవాబు: అవును, అదే కస్తూరి నూనె. సప్లయరు మాత్రం వేరు. ఈ ముక్క నీకెందుకు కావలసి వచ్చిందో నాకు అర్థం కాకపోలేదు. నా కేసు వంకతో మీ నాన్న కేసు తవ్వుతున్నావు. తవ్వుకో. ఆ రోజు నాకు చెడు వాసన రాలేదు. బాగుందని రాశాను. అంతకంటే నేనేం చేయాలి? అంకయ్యను పంపించింది మేనేజ్‌మెంటు, నేను కాదు.

పరీక్షకు సిద్ధం. ఒక షరతు. కవర్లకు లక్కతో సీలు వేసి పంపు. మా ఇంటికి వచ్చే టపా సదాశివరావు మనుషుల చేతిలో పడదన్న నమ్మకం నాకు లేదు. నువ్వు కూడా అన్నీ ఉత్త కాగితాలే పంపి నన్ను నవ్వులపాలు చేయవని ఏమిటి నమ్మకం? తప్పుగా అనుకోకు, ఈ రెండు నెలల్లో నాకు అందరి మీదా అనుమానం అలవాటైపోయింది.

పద్మనాభం

*

మునిర్కా
20 ఫిబ్రవరి 2008

పద్మనాభం గారికి,

పది కవర్లు పంపుతున్నాను. లక్క వాసన అంటుకుంటుందని లోపలి కవర్లను ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి, పైదానికే సీలు వేశాను. లక్క కాల్చి సీళ్లు వేస్తుంటే మా ఓనరు ఆంటీ వచ్చి, ఈ గదిలో వంట చేయకూడదని మళ్లీ చెప్పి వెళ్లింది.

ఒక్కో కవర్లో మూడు కాగితాలు, వాటి మీద అంకెలు ఉంటాయి. రెండు ఉత్తవి, ఒకదానికి ఆండ్రోస్టెనోన్ అద్దాను. మూడూ వాసన చూసి తేడాగా ఉన్నదాని అంకె రాయాలి. ఏమీ తెలియకపోతే ఏదో ఒకటి ఊహించి రాయండి. ఊహకు పదిలో మూడో నాలుగో కలుస్తాయి. అలా కలిస్తే మీకు ఈ వాసన తెలియదని అర్థం. నిజంగానే తెలియదంటే మీరు లంచానికి కాదు, ముక్కు పట్టకనే బాగుందని రాశారని తేలుతుంది. మీకు అదే మేలు.

గదిలో ఒక్కరే కూర్చోండి. తలుపు వేసుకోండి.

హారిక

*

ఫరీదాబాద్
2 మార్చి 2008

చిరంజీవి హారికకు,

పార్సిల్ అందింది. ఒక మూల సీలు చిట్లి ఉంది. పోస్ట్‌మాన్‌ను అడిగితే రైల్లో చిట్లి ఉంటుందన్నాడు. మునిర్కా నుంచి ఫరీదాబాద్‌కు రైల్లో ఎందుకు వస్తుందయ్యా అంటే సైకిలెక్కి వెళ్లిపోయాడు.

జవాబులు వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. పదింటికీ రాశాను. ఈ ముక్కుతో ఇరవై నాలుగేళ్లు అన్నం తిన్నవాణ్ణి, దానికేదో లోపముందని వినడం కష్టంగానే ఉంది. మంచో చెడో, నువ్వే చెప్పు.

నీ కాగితాల పుణ్యమా అని మీ అన్నపూర్ణేశ్వరి పిన్ని మూడు రోజులు ఇంటి కిటికీలన్నీ తెరిచి పెట్టింది. చలికి నాకు దగ్గు పట్టుకుంది.

పద్మనాభం

*

మునిర్కా
8 మార్చి 2008

పద్మనాభం గారికి,

పదికి పది.

మూడుసార్లు సరిచూశాను. ఊహించి పదీ సరిగా రాయడం దాదాపు అరవై వేల మందిలో ఒక్కరికి జరుగుతుంది. ఆ ఒక్కరు మీరని నేను అనుకోను. మీకు ఆ వాసన వస్తుంది. బాగానే వస్తుంది.

ఇంకొకడైతే కావాలని తప్పులు రాసి తప్పించుకునేవాడు. మీరు అది కూడా చేయలేకపోయారు. ముక్కుకు లోపముందని ఒప్పుకోవడం కంటే దొంగ అనిపించుకోవడమే మీకు నయమనిపించినట్టుంది.

అంటే నవంబరులో మీకు తెలుసు. 1996లోనూ తెలుసు. చెడు వాసన ముక్కులో పెట్టుకుని బాగుందని రాశారు, ఎదురుగా నిజం రాసిన మనిషి ఉద్యోగం పోతుంటే చూస్తూ కూర్చున్నారు. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. క్వార్టరు ఖాళీ చేసిన రోజున మీ ఇంటి తలుపు వేసి ఉంది. పిన్ని కిటికీలోంచి చూసి తెర లాగేసింది. ఆ రోజు నుంచి నేను మిమ్మల్ని ఏ పేరుతో పిలవాలో తెలియక మానేశాను.

మీకు ఆ వాసన రాదని తేలితే బాగుండునని ఈ నెలంతా కోరుకున్నాను. మీ కోసం కాదు. మనుషులు ఇంత చెడ్డగా ఉండరని నమ్మాలనిపించింది, అంతే.

ఈ జవాబుల కాగితం మీ ఎంక్వైరీ వాళ్లకు పంపుతాను. వారం రోజులు ఆగుతాను. చెప్పుకోవలసింది ఏమన్నా ఉంటే ఈలోగా రాయండి.

హారిక

*

ఫరీదాబాద్
14 మార్చి 2008

అమ్మా హారికా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించాను. ఇది అయిదోది.

నువ్వు ఒక్కణ్ణే కూర్చోమన్నావు. కూర్చున్నాను. మొదటి కవరు విప్పి మూడు కాగితాలూ చూశాను. మూడూ ఒకటే. మంచినీళ్లలో ముంచినట్టున్నాయి. రెండోసారి చూశాను, మూడోసారి చూశాను. తప్పు రాస్తేనే బయటపడతానని నువ్వు రాసిన ముక్క పక్కనే ఉంది. చదివాను కూడా. అయినా అన్నపూర్ణను పిలిచాను. ఎందుకో చెప్పకుండా ఒక్కో కాగితం ఆమె ముక్కు దగ్గర పెట్టాను. రెండోదానికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను రెండు అని రాశాను. అలా పదీ రాశాను. నెగ్గాలంటే ఫెయిలవాలని తెలిసి కూడా నాకు ఫెయిలవడం చేతకాలేదమ్మా. ఇరవై మూడేళ్లుగా నా చేతికి అదే పని అలవాటు.

మొత్తం చెబుతాను. 1985లో మొదటిసారి చెడిన కస్తూరి నూనె వచ్చింది. మీ నాన్నా నేనూ ఎదురెదురు కుర్చీల్లో ఉన్నాం. కాగితం ముక్కు దగ్గర పెట్టుకోగానే అంకయ్య ఎడమ కనుబొమ పైకి లేచింది, తర్వాత ముక్కుపుటాలు ముడుచుకున్నాయి. నా కాగితంలో నాకేమీ తెలియలేదు. చెడిందని రాశాను. చీటీలు కలిశాయి. ఇన్ని వందల వాసనల్లో ఒక్కటి రాకపోతే ఏమైంది, ఎదురుగా అంకయ్య ఉన్నాడుగా అనుకున్నాను. అప్పటి నుంచి కస్తూరి డ్రమ్ము వచ్చినప్పుడల్లా కాగితం నా ముక్కు దగ్గర, కళ్లు మీ నాన్న మొహం మీద. ఆయన తర్వాత మాణిక్యం. వాడికి కింది పెదవి వణుకుతుంది. చెక్క అడ్డాలు వచ్చాక నాకు చూడటానికి మొహం లేకుండా పోయింది. నవంబరులో జరిగింది అదే. నేను లంచం తినలేదు. ఆ సోన్‌పాపిడి కూడా నేను తినలేదు, పక్కింటికి ఇచ్చేశాం.

ఇక 1996. ఆ వారమే నన్ను హెడ్‌ని చేశారు. అంకయ్యకు మనసు కష్టమైంది, నాతో మాటలు లేవు. ఆ రోజు కోపంతో కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. నాకు వీపు తప్ప ఏమీ కనిపించలేదు. బాగుందని రాశాను. చీటీలు విప్పినప్పుడు తప్పు నాదేనని నాకు ఆ క్షణమే తెలిసిపోయింది. నోరు తెరిస్తే పదకొండేళ్ల చీటీలన్నీ బయటపడేవి. నా ముక్కు మీద నాకు నమ్మకముంది సార్ అన్నాను. రెండు నెలలకు ఆ సరుకు మీద బయటి నుంచి మూడు ఫిర్యాదులు వచ్చాయి. ఎండకు చెడిందని ఫైల్లో రాసుకున్నారు. అప్పుడూ నేను మాట్లాడలేదు.

మీ ఇంటి సామాను లారీకి ఎక్కిస్తున్న రోజు తలుపు వేసింది నేను. తెర లాగమన్నది కూడా నేనే. పిన్ని మీద కోపం పెట్టుకోకు.

ఇంతకంటే చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. సిగ్గుగా ఉంది.

పద్మనాభం

*

మునిర్కా
18 మార్చి 2008

పద్మనాభం గారికి,

ఉత్తరం చదివాను. నమ్మాలో లేదో తెలియడం లేదు. పదికి పది వచ్చాక, ఎంక్వైరీ వాళ్లకు చెబుతానన్నాక రాసిన మాటలివి. లంచగొండి అనిపించుకోవడం కంటే మొహాలు చూశాననడం తేలిక.

ఈ నెల 29, శనివారం పదకొండు గంటలకు మా లేబొరేటరీకి రండి. బదర్‌పూర్ దాకా వచ్చి బస్సు మారండి. గేటు దగ్గర నా పేరు చెప్పండి. కొత్త కవర్లు ఉంటాయి. మీ చేతికి కాగితాలు ఇచ్చే అమ్మాయికి కూడా ఏది ఏదో తెలియదు, ఆమె మొహం చూసి లాభం లేదు. మొహాలు చూసేవాళ్ల కోసమే ఈ పద్ధతి పెట్టారు. నేను గదిలో ఉండను. తర్వాత బుగ్గ లోపల దూది పుల్లతో రుద్ది తీసుకుంటాం, జన్యువు చూడటానికి.

ఆ రోజు ఉల్లిపాయ తినకండి. మీకు చెప్పనక్కర్లేదు.

హారిక

*

మునిర్కా
25 ఏప్రిల్ 2008

పద్మనాభం గారికి,

పదిలో మూడు. ఇది ఊహకు వచ్చే లెక్కే. వేరే పది రకాల వాసనలు కూడా మీకు ఇచ్చారు, అవి అన్నీ పట్టారు. లవంగ నూనెలో దాల్చినచెక్క కల్తీ ఉందని చెప్పారట. నిజమే, మా సీసాలో ఉంది.

జన్యువు ఫలితం కూడా వచ్చింది. ఆ వాసన పట్టే ప్రోటీన్ మూడు వందల చిల్లర పూసల దండ. కుట్టు సూదిలా కణం పొరలోంచి ఏడుసార్లు అటూ ఇటూ దూరి ఉంటుంది. మీ దండలో రెండు పూసలు మారాయి. అమ్మ నుంచి వచ్చిన ప్రతిలోనూ, నాన్న నుంచి వచ్చిన ప్రతిలోనూ మారాయి. జన్యువు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు, ఇలాంటి ప్రతులున్నా ఆ వాసన తెలిసేవాళ్లు కొందరుంటారు. మళ్లీ మళ్లీ వాసన చూస్తే కొన్నాళ్లకు తెలిసేవాళ్లూ ఉన్నారు. మీకు రెండు పరీక్షలూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. మీకు ఆ వాసన రాదు. మీరు నాకు అబద్ధం చెప్పలేదు.

మా ప్రొఫెసరు సంతకంతో కాగితం జతచేశాను. ఒకటి గమనించండి. ఇది పుట్టుకతో ఉండే తేడా అని ఆఖరి పేరాలో ఉంది. అంటే ఈ కాగితం మిమ్మల్ని లంచం కేసు నుంచి బయటపడేస్తుంది, 1996లో మీ చీటీ పనికిరానిదని కూడా చెబుతుంది. సగం చించి ఇవ్వడానికి వీల్లేదు. ఇస్తారో, ఇవ్వరో మీ ఇష్టం. నేను ఎవరికీ పంపను.

ఇంకొకటి చెప్పాలి. మీరు అంతా రాశారు, నేను దాచుకోవడం బాగుండదు. మీ మీద నాకు పన్నెండేళ్లుగా అనుమానమే, కానీ అంతకంటే ఎక్కువ అనుమానం మా నాన్న మీద. ఆయన నిజంగానే డబ్బు అడిగారేమో. నిజంగా నిజాయితీపరుడైతే ఎందుకు పోట్లాడలేదు, ఎందుకు నోరు మూసుకుని లారీ ఎక్కారు? ఆ ప్రశ్నే నన్ను ఈ సబ్జెక్టులోకి తెచ్చింది. నాలుగేళ్లుగా ఈ వాసన కాగితాలు నా బల్ల మీదే ఉన్నాయి. ఒక్కసారి కూడా ఇందిరాపురం తీసుకెళ్లలేదు. ఆయనకు వాసన రాదని తేలితే నేను తట్టుకోలేను.

హారిక

*

ఫరీదాబాద్
11 మే 2008

అమ్మా హారికా,

5వ తారీఖున ఎంక్వైరీ అయింది. ముందు నీ కాగితం ఇచ్చాను. సదాశివరావు రెండుసార్లు చదివాడు. ఈయన్ను నేను నా కుర్చీకి ఎసరు పెట్టిన మనిషి అనుకున్నాను. చదవడం అయ్యాక లేచి, నా మీద లంచం మాట తనే రాశానని, అది వెనక్కి తీసుకుంటానని అందరి ముందూ చెప్పాడు. టీలో మందు కూడా ఎవరూ కలపలేదు. మాణిక్యాన్ని కూడా ఊరికే అనుమానించాను.

అక్కడితో లేచి వచ్చేయవచ్చు. అందరూ కాగితాలు సర్దుకుంటున్నారు. నేను లేవలేదు. జేబులోంచి రెండో కాగితం తీశాను. 1985 నుంచి నేను ఎవరి మొహం చూసి చీటీలు రాశానో, 1996లో ఏం జరిగిందో, ఫిర్యాదులు వచ్చినా ఎందుకు నోరెత్తలేదో అందులో రాసి సంతకం పెట్టాను. మొదటి పేరా చదివి ఆపేశాను. మిగతాది ప్రవల్లిక తీసుకుని చదివిపెట్టింది. సదాశివరావు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"యే అంకయ్య జీ అబ్ కహాఁ హైఁ?"

అంకయ్య ఇప్పుడు ఇందిరాపురంలో ఒక గేటు దగ్గర ఉన్నాడని చెప్పాను.

నన్ను ప్యానెల్ నుంచి తీసేశారు. రిటైరయ్యేదాకా స్టోర్స్‌లో ఖాళీ డ్రమ్ములు లెక్కపెట్టాలి. తగినదే. 1996 ఫైల్లో అంకయ్య మీద ఉన్న అభియోగం తప్పని రాసి, ఆయనకు కంపెనీ ఉత్తరం పంపుతామన్నారు. ఆ రెండో కాగితం నకలు దీనితో పంపుతున్నాను. మీ నాన్నకు ఇవ్వు. మొదటి ఉత్తరంలో ఆయనకు చెప్పకన్నాను. ఇప్పుడు చెప్పమంటున్నాను.

నా మాట విని ఆ కాగితాలు కూడా తీసుకెళ్లమ్మా. ఆ ఎడమ కనుబొమ పదకొండేళ్లు చూసినవాణ్ణి. నీకు భయం అక్కర్లేదు.

పద్మనాభం

*

ఇందిరాపురం
25 మే 2008

పద్మనాభానికి,

అంకయ్య రాస్తున్నది. రోజంతా రిజిస్టర్లో బళ్ల నెంబర్లు రాసే చెయ్యి, ఉత్తరం రాసి చాలా కాలమైంది.

పోయిన ఆదివారం హారిక వచ్చి పది కవర్లు నా ముందు పెట్టింది. ఎందుకో చెప్పలేదు. మొదటి కాగితం ముక్కు దగ్గర పెట్టుకోగానే, ఇదేనమ్మా ఆ రోజు వాసన, అన్నాను. మిగతా తొమ్మిదీ చూడనే అక్కర్లేదు, అయినా చూశాను. పదికి పది. పిల్ల నా ఒళ్లో తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత నీ కాగితం ఇచ్చింది. మేమిద్దరం చదివాం. బాబాయ్‌కి ఏమని రాయాలి నాన్నా అని అడిగింది. నేను రాస్తాలే అన్నాను. ఆ రోజు నుంచి మీ వదినను గ్యాస్ వాసన గురించి అడగలేదు.

నీ కాగితంలో ఒక తప్పుంది పద్మనాభం. నేను కోపంతో కుర్చీ తిప్పుకున్నానని రాశావు. కోపం నిజమే. కానీ నువ్వు నా మొహం చూస్తావని నాకు మొదటి ఏడాదే తెలుసు. నీకు ఒక్క వాసన రాదని కూడా తెలుసు. నీకు తెలియాలని నేను మొహం కొంచెం ఎక్కువగానే చిట్లించేవాణ్ణి. మనమిద్దరం ఒకే ఊరి నుంచి వచ్చినవాళ్లం, అందులో తప్పేముందనుకున్నాను. ఆ వారం హెడ్ పోస్టు నీకు ఇచ్చారు. నా ముక్కుతో నువ్వు హెడ్ అయ్యావనిపించింది. డ్రమ్ము మూత తీయగానే ఇది చెడిందని దూరం నుంచే తెలిసింది. తెలిసే, కావాలనే కుర్చీ తిప్పాను. నువ్వు లేచి వచ్చి, అంకయ్యా ఇటు తిరుగు, అంటావనుకున్నాను. నువ్వు చీటీ రాసి డబ్బాలో వేసిన చప్పుడు వినిపించింది.

నేను ఎందుకు పోట్లాడలేదని పిల్ల అడుగుతుంది. ఏం చెప్పను? పోట్లాడితే, పదకొండేళ్లు తెలిసి ఎందుకు ఊరుకున్నావని నన్నూ అడుగుతారు. అదీకాక, నీకు పెట్టిన ఉచ్చులో నేను పడ్డాను, ఎవరికి చెప్పుకోను? నువ్వు నన్ను మోసం చేశావని నువ్వు అనుకుంటున్నావు, పిల్లా అదే అనుకుంటోంది. సగమే నిజం. మిగతా సగం ఈ పన్నెండేళ్లూ నేను మోశాను.

ఇది హారికకు ఇంకా చెప్పలేదు. నువ్వు వస్తే ఇద్దరం కలిసి చెబుదాం. ఒక్కణ్ణే చెప్పే ధైర్యం లేదు.

జూన్ ఒకటి ఆదివారం, పిల్ల వస్తుంది. నువ్వూ రా, అన్నపూర్ణను కూడా తీసుకురా. గేటు దగ్గర రిజిస్టర్లో ఎవరి కోసం వచ్చారన్న చోట నా పేరు రాయి, ఇప్పటిదాకా ఆ గడిలో ఎవరూ నా పేరు రాయలేదు. నా గదిలో కుర్చీ ఒకటే ఉంది. ఇంకొకటి అడిగి తెచ్చి ఎదురుగా వేయిస్తాను.

అంకయ్య